క్యాసెట్ మీద మాట్లాడొద్దు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మెట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. అబుదాబీ అవతల రువైస్‌లో కెలెమెన్ సాబ్‌కి తెలియడానికి వారం కూడా పట్టలేదు. వండి పెట్టిన కూర ముట్టుకోకుండా ఎవరైనా లేచిపోతే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పెద్దమనిషి పూట తర్వాత పూట అలాగే లేచిపోతున్నాడు. ఉండబట్టలేక ఒక రోజు గిన్నె ఆయన ముందు పెట్టి అడిగేశాను.

"ఉప్పెక్కువైందా, కారమెక్కువైందా, జెర చెప్పుండ్రి సాబ్. చెప్పకుంటె నేనెట్ల వండాలె?"

ఆయన గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూపించాడు. మింగుడు పడటం లేదట. అబుదాబీలో డాక్టర్ చూశాడట, గొంతులో గడ్డ ఉందట. ఎండాకాలం దాటాక లండన్ వెళ్లి కోయించుకోవాలి. కోశాక ప్రాణం ఉంటుంది గానీ మాట ఉండదు. ఇదంతా ఆయన బొంగురు గొంతుతో, వచ్చీరాని హిందీలో చెప్పాడు. మేం మాట్లాడుకునేది ఎప్పుడూ ఆ హిందీలోనే. ఇక్కడ నా తెలుగులో చెబుతున్నాను.

అది ఎనభై రెండో సంవత్సరం. రిఫైనరీ అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. బాయిలర్లకు పోయే నీళ్లు పరీక్ష చేసే పని ఆయనది. కంపెనీ ఇచ్చిన ఇంట్లో ఒంటరిగా ఉండేవాడు. వంట, ఇల్లు ఊడ్చడం, బట్టలు ఉతకడం నా పని. నా పేరు లింబాద్రి. రాత్రి పడక మాత్రం క్యాంపులో, మా జిల్లా వాళ్లతో.

ఆయన మంచం కింద తోలు సూట్‌కేసు ఒకటి ఉండేది. గొంతు సంగతి తేలినప్పటి నుంచి దాన్ని రోజూ బయటికి లాగేవాడు. దాని నిండా పాత కాగితాలు. ఒక కాగితం తీసేవాడు, చూసేవాడు, దాని గురించి తెల్లకాగితం మీద ఏదో రాసేవాడు, నలిపి పారేసేవాడు. తెల్లారి ఆ ఉండలన్నీ ఊడ్చేది నేను. ఇదేం చోద్యమని అడిగితే, వాళ్లన్న కూతురు యుదిత్ కెనడాలో ఉందని, ఈ కాగితాలు ఆమెకు పంపాలని చెప్పాడు. అన్న కిందటేడు పోయాడట. ఏ కాగితం ఎవరిదో, ఎందుకు దాచారో తెలిసిన మనిషి ఇక ఈయన ఒక్కడే. చెప్పకుండా పంపితే ఆమెకు అవి చిత్తుకాగితాలు. రాద్దామంటే నాలుగు వాక్యాల తర్వాత చెయ్యి సాగడం లేదు.

"మీరు రాయకుండ్రి సాబ్," అన్నాను. "మా క్యాంపుల ఎవ్వలు రాయరు. రికార్డుల మాట్లాడి, ఇంటికి పోయేటోళ్లతోని క్యాసెట్ పంపుతం."

"ఇంత పెద్ద సంగతి దాంట్లోనా?"

"మా ఊరి పంచాదులు, పెండ్లి మాటలు అన్ని దాంట్లనే అయితున్నయి."

ఆయన నవ్వబోయి దగ్గాడు. మర్నాడు నా టేప్ రికార్డర్ తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. ఈ దేశం వచ్చాక నేను కొన్న మొదటి వస్తువు అది. క్యాంపులో నా దగ్గర మాట నింపించుకోని వాడు లేడు. అందుకని ఈ విషయంలో నేను కొంచెం మేస్త్రీలాగే మాట్లాడతాను.

"మొదలు ఎలా పెట్టాలి?" అని అడిగాడు.

"ముందుగాల అందర్ని పేరు పేరున పలుకరియ్యాలె. ఒక్కల పేరు మరిస్తె ఇంట్ల లొల్లి అయితది. మంచిగున్నరా అని అడగాలె. గప్పుడు అసలు ముచ్చట."

ఆయన చాలాసేపు ఆ యంత్రం వంక చూశాడు. నేను రెండు మీటలు కలిపి నొక్కాను. వాళ్ల భాషలో మొదలుపెట్టాడు. యుదిత్ అన్నాడు. తర్వాత మోర్, ఇలోనా, యెనో, ఎస్తేర్, ఇంకా ఎన్నో పేర్లు. ఒక్కో పేరు తర్వాత ఆగి, ఏదో అడిగి, మళ్లీ ఇంకో పేరు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఆపలేదు. మా అవ్వ తరఫు, బాపు తరఫు కలిపినా మా ఇంట్లో అన్ని పేర్లు రావు.

"గింత మంది ఉన్నరా సాబ్, అందరు ఒక్క దగ్గర్నే ఉంటరా?" అన్నాను మీట ఆపాక.

"బతికున్నది యుదిత్ ఒక్కతే."

నాకు చిర్రెత్తింది. "మరి సచ్చిపోయినోళ్లకు శనార్థి ఎందుకు చెప్పిండ్రు?"

"ఒక్కరి పేరు మరిచిపోయినా ఇంట్లో గొడవ అవుతుందన్నావు కదా," అన్నాడు.

ఆ తర్వాత చెప్పాడు. యుద్ధం రోజుల్లో జర్మన్ల హుకుం మీద వాళ్ల ఊళ్లోని యూదులందరినీ రైలెక్కించి తీసుకుపోయారు. దిగినచోట అమ్మను, నాన్నను, చెల్లెల్ని ఒకవైపు నడవమన్నారు. పదిహేడేళ్ల ఈయన్ని పని చేసే వైపు నిలబెట్టారు. అన్న అప్పటికే వేరేచోట వెట్టిపనిలో ఉన్నాడట. అటు నడిచినవాళ్లను ఆ రోజే చంపేశారు. ఆయన యూదుడన్న మాట రువైస్ ఆఫీసులో ఎవరికీ తెలియదు, తెలిస్తే ఆ అరబ్బు దేశంలో ఉండనిచ్చేవాళ్లు కాదు. అక్కడ ఆయన ఇంగ్లీషు పాస్‌పోర్టు ఉన్న ఇంగ్లీషు మనిషి, అంతే.

"నాకు కోపమెక్కువ గని, నోరు జారేటోన్ని కాదు సాబ్," అన్నాను. అప్పుడు నాకు దుఃఖం కంటే భయమే ఎక్కువ వేసింది, ఇంత మాట నా చేతిలో పెట్టాడేమిటని.

ఇక సాయంత్రాలన్నీ అదే పని. ఆయన డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, ఒక కాగితం తీసేవాడు. బడి మార్కుల కాగితం, కుట్టుమిషను కొన్న రసీదు, నాన్న ఎవరికో అప్పజెప్పిన గొడుగు చీటీ. అన్నీ ఇలాంటివే. యుద్ధం అయిపోయాక ఊరికి తిరిగిపోతే వాళ్లింట్లో వేరేవాళ్లు కాపురం ఉంటున్నారట. పక్కింటావిడ మాత్రం ఈ కాగితాల పెట్టె అటక మీద దాచి ఉంచింది. అది పట్టుకుని ఇల్లు లేనివాళ్ల క్యాంపులో కొన్నాళ్లు ఉన్నాడు. అక్కణ్ణుంచి ఇంగ్లండు పోయి అద్దకం మిల్లులో నీళ్లు మోస్తూ, సాయంత్రపు బడిలో కెమిస్ట్రీ చదివాడు. తర్వాత ఏడెన్, తర్వాత కువైట్, తర్వాత ఇక్కడ. చల్లటి దేశం వదిలి ఈ ఎండలో ఎందుకు పడ్డారని అడిగాను.

"ఇక్కడ రైళ్లు లేవు," అన్నాడు.

ఆయన అయ్యాక నా వంతు. అదే బల్ల దగ్గర నా క్యాసెట్ నింపుకునేవాణ్ణి. అవ్వకు శనార్థి, అన్నకు శనార్థి, వదినెకు, కిష్టవ్వకు. కిష్టవ్వ నా భార్య. ఆమెతో సొంతంగా ఒక ముక్క మాట్లాడే వీలుండేది కాదు. క్యాసెట్ వస్తే వాకిట్లో పెట్టి ఇంటిల్లిపాదీ వింటారు, ఇరుగుపొరుగు కూడా వస్తారు. అందుకని చివర్లో మా బిడ్డ గంగుతో ఆడేవాణ్ణి. "గంగూ, కాకి ఎట్లంటదే?" అని అడిగి కాసేపు ఊరుకునేవాణ్ణి. అది అక్కడ కావుకావుమంటుందని. నేను వచ్చేనాటికి దానికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. ఈమధ్య ఇంటి నుంచి వచ్చిన క్యాసెట్లలో దాని గొంతు లేదు. ఒకసారి నిద్రపోయిందన్నారు, ఇంకోసారి అమ్మమ్మ ఇంటికి పోయిందన్నారు. ఆ మాత్రం నిద్ర లేపలేరా అని నేను ఇక్కణ్ణుంచే తిట్టి పంపాను.

మా పక్క ఊరి పోశయ్య సెలవు మీద పోతున్న రోజు క్యాంపంతా హడావిడి. వ్యాను వచ్చి హారన్ కొడుతోంది. వాడు సాబ్ ఇంటి గేటు దాకా వచ్చి, "లింబన్నా, ఇస్తె ఇయ్యి, లేకుంటె పోతున్న," అని అరుస్తున్నాడు. నేను లోపలికి ఉరికి, బల్ల మీద క్యాసెట్ అందుకుని, తువ్వాలలో చుట్టి వాడి చేతిలో పెట్టాను.

ఆ సాయంత్రం సాబ్ కిందటి రోజు ఎక్కడ ఆపాడో విందామని మీట నొక్కాడు. నా గొంతు వచ్చింది. "గంగూ, కాకి ఎట్లంటదే?" ఆ తర్వాత నేను వదిలిన ఖాళీ. ఆ ఖాళీ అయిపోయేదాకా సాబ్ నన్నే చూశాడు.

"నీ ఇంట్లో దాన్ని ఏం చేస్తారు?" అన్నాడు.

చెప్పక తప్పలేదు. మా వాళ్లు క్యాసెట్ దాచుకోరు. విన్నాక దాని మీదే జవాబు నింపి, వచ్చేవాళ్లతో తిరిగి పంపుతారు. ఒకే క్యాసెట్ అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఆ జవాబు కింద ముందున్న మాటలు చెరిగిపోతాయి.

"ఎస్తేర్ అందులోనే ఉంది," అన్నాడు. ఎస్తేర్ ఆయన చెల్లెలు. ఆమె కాగితం ఒకటి అన్నిటికంటే అడుగున ఉండేది. దాన్ని తీయడానికే చాలా రోజులు తటపటాయించాడు. నిన్ననే చెప్పాడు, దాని వెంటే ఇంకో కాగితం సంగతి కూడా.

"మల్లొక్కసారి చెప్పుండ్రి సాబ్. కొత్త క్యాసెట్ పెడుత."

"నలభై ఏళ్లకు ఒకసారి చెప్పాను. మళ్లీ చెప్పలేను. దాన్ని తెప్పించు."

నా మీద నాకు వచ్చిన కోపానికి ఆ పూట అన్నం మాడ్చేశాను. క్లినిక్ బండి నడిపే ఇమామ్ హుస్సేన్‌ది రాయచోటి. మర్నాడు పొద్దున్నే అతను అబుదాబీ పోతున్నాడు. 'క్యాసెట్ మీద మాట్లాడొద్దు, వెంటనే తిరిగి పంపండి' అని సాబ్ ఇంగ్లీషులో రాసిచ్చింది అతని చేతిలో పెట్టాను.

"ఏమప్పా, జనాలు చావుకో పెండ్లికో టెలిగ్రాం కొడతారు, నువ్వు క్యాసెట్టుకు కొడతాండావే," అన్నాడు.

"మా ఇంట్ల టెలిగ్రాం అంటెనే ఏడుపులు షురువైతయి. అయినా కొట్టు."

"కొడతాలే. నువ్వు ముందు ఆ మొగం సరిచేసుకో."

పోశయ్య ముందు చేరతాడా, టెలిగ్రాం ముందు చేరుతుందా అన్నదే నా ధ్యాస. సాబ్ మాత్రం పని ఆపలేదు. చెల్లెలి కాగితం పక్కన పెట్టి, మిగతావి వరుసగా తీస్తూ పోయాడు. గొంతు రోజురోజుకూ పీలబడుతోంది. మిరియాలు, బెల్లం కాచి ఇచ్చేవాణ్ణి. అది తాగి, మైకు దాదాపు నోట్లో పెట్టుకున్నట్టే పట్టుకుని మాట్లాడేవాడు. ఇవాళ్టికి చాలు సాబ్ అంటే చెయ్యి ఊపి పొమ్మనేవాడు. ఆపరేషన్ అనుకున్నదాని కంటే ముందే చేస్తారని లండన్ నుంచి కబురు వచ్చింది. అయినా సెలవు పెట్టలేదు. పగలు నీళ్లు పరీక్ష చేశాడు, సాయంత్రం కాగితాలు చెప్పాడు. సూట్‌కేసులో చెప్పనివి పోను పోను తగ్గిపోయాయి.

ఆగస్టు చివర్లో భోజన్న అనే కుర్రవాడు కొత్త వీసా మీద మా క్యాంపులో దిగాడు. మాకు దూరపు చుట్టం. క్యాసెట్ అతనే తెచ్చాడు.

"వదినె ఇచ్చింది," అన్నాడు. "బస్టాండుకు ఒక్కతే వచ్చి ఇచ్చింది. అత్తకు, బావకు చెప్పద్దన్నది."

"మా గంగు మంచిగున్నదా? ఎంత పొడుగైంది?"

"వదినె దీంట్ల అన్ని చెప్పిందట అన్నా," అని నేను పోసిన చాయ్ అక్కడే వదిలేసి లేచిపోయాడు. కొత్తగా వచ్చినవాడు, బెంగ పెట్టుకున్నాడనుకున్నాను.

సాబ్, నేను బల్ల దగ్గర కూర్చున్నాం. మీట నొక్కాను. సాబ్ గొంతు, ఇంకా బాగున్నప్పటి గొంతు. పేర్లన్నీ ఉన్నాయి. మార్కుల కాగితం ఉంది, గొడుగు చీటీ ఉంది. సాబ్ ఒక్కోదానికి తల ఊపుతున్నాడు. చెల్లెలి కాగితం దగ్గరికి వచ్చేసరికి టక్కుమంది. కిష్టవ్వ గొంతు, ఎవరో వింటారేమోనన్నంత మెల్లగా.

"నేను కిష్టవ్వను. ఈ క్యాసెట్ల ఎవలో ముసలాయినె మాట్లాడిండు. ఒక్క ముక్క సమజ్ కాలేదు. అందరు నవ్విండ్రు. ఇది పనికి రాదు, దీని మీదికెల్లి నింపుండ్రి అన్నడు మీ అన్న. అందరు పోయినంక నేను ఒక్కదాన్నే పెట్టుకొని మల్ల విన్న. గాయినె పేర్లు జెప్పుకుంట ఏడుస్తుండు. పోయినోళ్ల పేర్లే అయ్యుంటయి. బతికున్నోళ్ల పేర్లు గట్ల చెప్పరు."

తలుపు గడియ పెట్టిన చప్పుడు వచ్చింది. మళ్లీ మొదలైంది.

"గంగు లేదు. హోళీ ఎల్లినంక తట్టువోసింది. జరం దిగలేదు. పరాయి దేశంల ఉన్నోనికి చెడ్డ కబురు పంపద్దని నాతోని ఒట్టేపిచ్చుకున్నరు. నువ్వు ప్రతి క్యాసెట్ల కాకి ఎట్లంటది అని అడిగి ఊకుంటవు. నువ్వు ఊకున్నంత సేపు అందరు నా మొకం జూస్తరు. ఇగ నాతోని కాదు. టెలిగ్రాం వచ్చేటాల్లకు నేను చెప్పుడు అయిపోయింది. ఆయినె మాట మీద మాట్లాడిన, తప్పనుకోవద్దని చెప్పు."

మళ్లీ టక్కుమంది. సాబ్ గొంతు వేరే కాగితం గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆయనే మీట ఆపాడు.

"ఎవరు?" అన్నాడు. ఆ మాట గాలిలాగా వచ్చింది.

"నా భార్య. మా బిడ్డ సచ్చిపోయిందట."

ఆయన ఓదార్చలేదు. లేచి వంటింట్లోకి పోయాడు. ఆ పూట వంట ఆయనే చేశాడు. గుడ్లు, రొట్టె. ఉప్పు వేయడం మరిచిపోయాడు. ఎదురుగా కూర్చుని నేను తినేదాకా కదల్లేదు. నాకు ఏడుపు రాలేదు, మా అన్నను చంపాలన్నంత కోపం వచ్చింది. ఆ కోపం చల్లారాక ఏడుపు వచ్చింది. హోళీ నుంచి నేను లేని పిల్లతో ఆడుతున్నాను, కిష్టవ్వ దాన్ని వాకిట్లో పదిమందిలో కూర్చుని వింటోంది. నన్ను కాపాడామని అనుకున్నారు వాళ్లు. నా బిడ్డకు నన్ను ఏడవనివ్వలేదు.

మర్నాడు కిష్టవ్వ మాటలన్నీ ఆయనకు హిందీలో చెప్పి, ఆపైన అన్నాను. "సాబ్, దాన్ని చెరిపి మీ మాట నింపుకోండ్రి. నేను వినుడయింది."

"చెరపను. ఆమె మాట అక్కడే ఉంటుంది. యుదిత్‌కి నేను రాస్తాను," అన్నాడు. తర్వాత చేత్తోనే సైగ చేశాడు, కొత్త క్యాసెట్ పెట్టమని. "నీ భార్య చెప్పగలిగింది కదా. నేనూ ఇంకోసారి చెబుతాను."

చెల్లెలి కాగితం బల్ల మీద పరిచాడు. అరచేతిలో పట్టేంత చీటీ. మైకు ఆయన గొంతుకు ఆనించి పట్టుకున్నాను. మాటకు మాటకు మధ్య ఊపిరి అందడం లేదు. రెండుసార్లు ఆపబోతే నా చెయ్యి మీద కొట్టాడు. చెప్పడం పూర్తయ్యాక నాకు హిందీలో నాలుగు ముక్కల్లో చెప్పాడు. అది చెప్పులు కుట్టేవాడు ఇచ్చిన చీటీ. రైలెక్కించడానికి ముందు ఎస్తేర్ తన బూట్లు అట్టలు వేయమని ఇచ్చింది. యుద్ధం అయ్యాక ఈయన చీటీ పట్టుకుని పోతే, ఆ మనిషి ఏమీ అడక్కుండా లోపలికి పోయి బూట్లు తెచ్చి చేతికిచ్చాడు. కొత్త అట్టలు వేసి ఉన్నాయి. ఇల్లు లేనివాళ్ల క్యాంపులో కాళ్లకు ఏమీ లేని ఒక పిల్లకు ఆ బూట్లు తొడిగాడు. చీటీ ఆయన దగ్గర మిగిలింది.

నేను ఇంటికి పోతానంటే ముదీర్, అంటే మా మేనేజరు, ఒప్పుకోలేదు. నా పాస్‌పోర్టు ఆయన ఇనుప బీరువాలో ఉంది. "కాంట్రాక్టు అయిపోలేదు, పిల్ల పోయి ఇన్ని నెలలైంది, ఇప్పుడు పోయి ఏం చేస్తావు," అన్నాడు. నేను నోరు తెరిస్తే ఏం అనేవాణ్ణో గానీ, సాబ్ నన్ను వెనక్కి నెట్టాడు. ముదీర్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మాట లేదు, చేతులు బల్ల మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఫోన్లు వచ్చాయి, మనుషులు వచ్చి పోయారు, చాయ్ వచ్చింది, ఆయన ముట్టుకోలేదు. మధ్యాహ్నం నమాజుకు లేవబోతూ ముదీర్ నిట్టూర్చి తాళంచెవి తీశాడు.

అబుదాబీ దాకా ఇద్దరం ఇమామ్ హుస్సేన్ బండిలోనే పోయాం. సూట్‌కేసు, క్యాసెట్లు సాబ్ ఒడిలో పెట్టుకున్నాడు. ఆయన ఆపరేషన్ బాగానే జరిగిందని, యుదిత్ అన్నీ విన్నదని తర్వాత లండన్ నుంచి కార్డు వచ్చింది. మధ్యలో మాట్లాడిన ఆవిడ ఏమందో తన చేత్తో రాసి ఆమెకు పంపానని అందులో ఉంది.

ఆ ఏడాదే నేనూ కిష్టవ్వా మా అన్న నుంచి వేరుపడ్డాం. అది తర్వాతి సంగతి. వచ్చే ముందు నేను టెలిగ్రాం కిష్టవ్వ పేరు మీద కొట్టించాను. మెట్‌పల్లి బస్టాండులో ఆమె ఒక్కతే నిలబడి ఉంది. బాగా చిక్కింది. నా సంచి అందుకోబోయి, నేను వదలకపోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇంటికి పోదమా?" అంది.

"ఇంట్ల అందరుంటరు. ఈడ కూసో. మొదటికెల్లి చెప్పు."

నిజంగానే అంటున్నానా అని నా మొహం చూసింది. తర్వాత సిమెంటు బల్ల మీద కూర్చుని, కొంగు నిండుగా కప్పుకుంది. "పొద్దుగాల లేపితె పెయ్యి కాలుతుండె," అని మొదలుపెట్టింది. అంతలో మా ఊరి బస్సు వచ్చింది. కండక్టర్ ఊరి పేరు చెప్పి కేకేస్తున్నాడు. ఆమె మాట ఆపి లేవబోయింది.

"పోనియ్యి," అన్నాను. "ఇంకోటి వస్తది. చెప్పు."